వ్యాసాలు మెచ్చుకుంటారు, నవలలొద్దంటారు

జేమ్స్ బాల్డ్విన్ వ్యాసాలు గొప్పవి, నవలలు అంత గొప్పవి కావు. కోపం ఎక్కువై కళ తక్కువైంది. అమెరికాలో అరవై ఏళ్ళుగా చలామణీలో ఉన్న తీర్పు ఇది. అక్కడ ఓడెక్కి మన ఇంగ్లీషు శాఖల్లో దిగింది. అక్కణ్ణించి సెమినార్ల మైకుల్లోకి వచ్చింది. ఒక సెమినార్‌లో ఈ మాట చెప్పిన పెద్దాయన్ని టీ విరామంలో మర్యాదగానే అడిగాను. "సార్, ఆయన నవలల్లో మీకు ఏది నచ్చలేదండీ?" ఆయన టీ గ్లాసులోకి చూసుకున్నాడు. "ఒకటని కాదు మాస్టారూ, విమర్శకుల అభిప్రాయం అది" అన్నాడు. అంటే చదవలేదు. చదవకుండానే తీర్పు చెప్పాడు. అదే నోటితో మధ్యాహ్నం దళిత సాహిత్యం గురించీ సెలవిచ్చాడు. ఆత్మకథలు బాగా వస్తున్నాయట. ఆవేదన ఉందట. శిల్పమే ఇంకా రావాలట.

రెండు తీర్పులూ ఒకే అచ్చులో పోసినవి. అందుకే బాల్డ్విన్ పేరుని ఎవరు నిలబెట్టారో, ఎవరు కూల్చారో, చచ్చిపోయాక ఎవరు పటం కట్టి గోడకి తగిలించారో మనకి తెలియాలి. అది అమెరికా నల్లవాళ్ళ ఇంటి గొడవలే అని ఊరుకుంటే ఎట్టా? ఆ గొడవ మన వాకిట్లోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది.

నేను ఒంగోలు వైపు మాదిగపల్లె నుంచి వచ్చాను. మా వంశంలో డిగ్రీ కాగితం చేత్తో పట్టుకున్నది నేనే మొదలు. అమెరికన్ బాప్తిస్టు మిషన్ 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది మా వైపే. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కాబట్టి అమెరికా మాకు సినిమాల్లోంచి పరిచయమైన దేశం కాదు. పాటల పుస్తకంలోంచి, దొరసాని కట్టించిన బడిలోంచి పరిచయమైన దేశం. ఆ దేశంలో మాలాంటివాళ్ళు ఉన్నారన్న సంగతి మాత్రం మాకు ఏ దొరా చెప్పకపాయె. నాకు చెప్పింది 'ఏడు తరాలు'. మా యువజన సంఘం అలమరాలో అట్ట ఊడిపోయి ఉండేది. అలెక్స్ హేలీ దగ్గర్నుంచి బాల్డ్విన్ దగ్గరికి రావడానికి నాకు మరో పదేళ్ళు పట్టింది. అప్పటికి ప్రభుత్వ బడిలో టీచరునయ్యాను, దూరవిద్యలో ఎం.ఏ. కడుతున్నాను. జిరాక్స్ కాగితాల్లో దొరికాడు.

ఆయన తొలి నవల 'గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్'. 1953లో వచ్చింది. న్యూయార్క్‌లో నల్లవాళ్ళుండే హార్లెం పేటలో చిన్న ప్రార్థన మందిరం. జాన్ అనే పిల్లాడికి ఆ రోజుతో పద్నాలుగేళ్ళు. తండ్రి అనుకుంటున్న గేబ్రియేల్ బోధకుడు. బయట పరిశుద్ధుడు, ఇంట్లో బెల్టు. ఒక్క రాత్రి ప్రార్థన జరుగుతుంటుంది. మోకాళ్ళ మీదున్న ఒక్కొక్కరి బతుకూ బాల్డ్విన్ విప్పుతూ పోతాడు. మేనత్త ఫ్లోరెన్స్, తండ్రి, తల్లి ఎలిజబెత్. దేవుడికి చెప్పుకునేదొకటి, మనుషులకి దాచిందొకటి.

నేను దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. నెల పట్టింది. మాయమ్మ పగలంతా పొగాకు గ్రేడింగ్‌లో కూర్చుని రాత్రి ఉపవాస కూటానికి పోయేది. దగ్గుతూనే పాడేది. తెల్లవార్లూ ఆమె దేవుడితో ఏం మాట్లాడేదో నాకు తెలీదు. ఏడుపు మాత్రం వినపడేది. ఎలిజబెత్ ప్రార్థన చదువుతుంటే మొదటిసారి అనిపించింది, ఆ ఏడుపు వెనక ఓ కథ ఉంటుందని. మాయమ్మకి మా కంటే ముందు ఓ జీవితం ఉండుంటుందని. ఇరవయ్యారేళ్ళు వచ్చినా నాకు ఆ ఆలోచన రాలేదు. ఏ వ్యాసమూ, ఏ ఉపన్యాసమూ తేలేదు. ఆ నవల తెచ్చింది. కోపం వల్ల కళ చచ్చిపోయిందంటే నేను ఎట్టా ఒప్పుకుంటాను?

నిజమే, తొలి నవలకి మాత్రం వాళ్ళు మినహాయింపు ఇస్తారు. ఎందుకిస్తారో కూడా చెప్పుకోవాలి. అందులో నల్లవాళ్ళు నల్లవాళ్ళ పేటలో, నల్లవాళ్ళ గుళ్ళో, తమలో తాము ఏడ్చుకుంటారు. చదివే తెల్లవాడు కిటికీలోంచి చూసి అయ్యో అనుకుని పోవచ్చు. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని లాగదు.

తంటా రెండో నవలతో వచ్చింది. 'జొవానీస్ రూమ్'. పాత్రలన్నీ తెల్లవాళ్ళే. పారిస్‌లో ఉన్న అమెరికా కుర్రాడు ఇటలీ కుర్రాణ్ణి ప్రేమిస్తాడు. ఆ ప్రేమ అంటే భయపడి, తాను మగవాణ్ణని రుజువు చేసుకోవాలని అతన్ని వదిలేసి పోతాడు. అవతలివాడు చివరికి మరణశిక్ష దాకా పోతాడు. తొలి నవల అచ్చేసిన నాఫ్ ప్రచురణ సంస్థ ఈ పుస్తకం వద్దంది. డయల్ ప్రెస్ 1956లో వేసింది. బాల్డ్విన్ స్వలింగ ప్రేమికుడన్న సంగతి ఓ ఇబ్బంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. నల్లవాడు తెల్లవాడి గుండెలోకి దూరి, అక్కడి పిరికితనాన్ని వెలుగులో పెట్టడం. నిన్నెవడు రమ్మన్నాడురా ఈ ఇంట్లోకి?

వాళ్ళు మాత్రం మన ఇళ్ళలోకి రావచ్చు. ఫాక్నర్ నల్లవాళ్ళ గురించి రాశాడు, 1949 సంవత్సరపు నోబెల్ తీసుకున్నాడు. విలియం స్టైరన్ 1967లో నాట్ టర్నర్ అనే నల్ల తిరుగుబాటుదారుడి గొంతులో కూర్చుని నవల రాశాడు. మరుసటేడు పులిట్జర్ ఇచ్చారు. నల్ల రచయితలు చాలామంది ఆ పుస్తకం మీద మండిపడితే, స్టైరన్ పక్షాన నిలబడింది బాల్డ్విన్. అది ఆయన పెద్దమనసు. ఆ పెద్దమనసు ఆయనకి ఎవరూ చూపలేదు. మన సంగతి మాత్రం? ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాస్తే మహానవల. నేనూ గౌరవిస్తాను, పిల్లలకి చెబుతాను. మరి మాలపల్లెవాడు అగ్రహారం గురించి ఆరొందల పేజీల నవల రాసుకొస్తే? "అబ్బాయ్, నీ అనుభవం రాసుకో. అదే నీ బలం" అంటారు. సలహాలాగే ఉంటుంది. చూడబోతే పొలిమేర.

ఇక పేరు సంగతికి వద్దాం. 1963 జనవరిలో 'ది ఫైర్ నెక్స్ట్ టైమ్' పుస్తకంగా వచ్చింది. రెండు వ్యాసాలు. అందులో ఒకటి తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం. దేశం ఊగిపోయింది. మే 17 నాటి టైమ్ పత్రిక అట్ట మీద బాల్డ్విన్ ముఖం. ఆ అట్ట మీదికి ఎక్కించింది నవలాకారుణ్ణి కాదు, నల్లవాళ్ళ తరఫున మాట్లాడే గొంతుని. వారం తర్వాత మే 24న అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ న్యూయార్క్‌లో ఆయన్నీ, ఆయన పిలుచుకొచ్చిన వాళ్ళనీ కలిశాడు. నాటకకర్త లొరేన్ హాన్స్‌బెరీ, గాయని లీనా హార్న్, హారీ బెలఫాంటే, మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ క్లార్క్ ఉన్నారు. దక్షిణాదిలో దెబ్బలు తిని వచ్చిన జెరోం స్మిత్ అనే కుర్రాడూ ఉన్నాడు. ఈ దేశం కోసం తుపాకి పట్టనని ఆ కుర్రాడు కెనడీ ముఖాన్నే చెప్పాడు. కెనడీకి అది మింగుడు పడలేదు. నివేదికలూ లెక్కలూ తెస్తారనుకుంటే మనుషులు వచ్చారాయె. సమావేశం చెడింది.

పిలిచి కూర్చోబెట్టిన ప్రభుత్వమే ఇంకో చేత్తో ఫైలు కట్టింది. ఎఫ్‌బీఐ దగ్గర బాల్డ్విన్ మీద పోగుపడిన ఫైలు 1,884 పేజీలు. దాని అధిపతి ఎడ్గర్ హూవర్ సొంత దస్తూరీతో ఆరా తీసింది ఆయన రాజకీయాలొక్కటే కాదు, ఆయన ఎవరితో పడుకుంటాడన్నది కూడా. సొంతవాళ్ళు చేసిందీ దాచక్కర్లేదు. ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మహా ప్రదర్శన జరిగితే అంత పేరున్న బాల్డ్విన్‌కి వేదిక మీద మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. 1965 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి విద్యార్థుల ముందు విలియం బక్లీ అనే సంప్రదాయవాదితో వాదించి 544 - 164 ఓట్లతో గెలిచాడు. ఈనాటికీ యూట్యూబ్‌లో మన కుర్రాళ్ళు చూసేది అదే. మంచిదే, చూడండి.

కానీ ఆ తర్వాతేమైంది? 1968లో 'టెల్ మీ హౌ లాంగ్ ద ట్రైన్స్ బీన్ గాన్' నవల వచ్చింది. న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని చీల్చి చెండాడింది మారియో పూజో. అవును, ఆ మరుసటేడు 'గాడ్‌ఫాదర్' రాసిన పూజోయే. పాత్రలు అట్టముక్కల్లా ఉన్నాయన్నాడు. ఆ నవల బాల్డ్విన్ రాసిన వాటిలో మేలైనది కాదు, నేనూ ఒప్పుకుంటాను. సాగదీత ఉంది. తెల్ల రచయిత ఒక్క నవల సాగదీస్తే ఆ నవల బాగోలేదంటారు. బాల్డ్విన్ సాగదీస్తే ఆయన పనే అయిపోయిందన్నారు. 1973లో, అప్పటికి కుర్రవాడైన హెన్రీ లూయీ గేట్స్, దక్షిణ ఫ్రాన్స్‌లో బాల్డ్విన్ ఇంటికి పోయి టైమ్ పత్రిక కోసం ఇంటర్వ్యూ చేసుకొచ్చాడు. పత్రిక వేసుకోలేదు. బాల్డ్విన్ పాతబడిపోయాడందట. పదేళ్ళ కిందట అట్టమీద ఎక్కించిన పత్రికే! వాళ్ళు నెత్తినెక్కించుకున్నదే దించడానికి.

ఈ తీర్పు వెనక ఏముందో నాకనిపించింది చెబుతాను. వ్యాసం అర్జీ లాంటిది. అర్జీ పుచ్చుకునేవాడు కుర్చీలోనే ఉంటాడు. చదివి కన్నీళ్ళు పెట్టుకోవచ్చు, సంతకం పెట్టొచ్చు, చెత్తబుట్టలో వెయ్యొచ్చు. పెత్తనం అతనిదే. నవల అట్టా కాదు. అది అతన్ని కుర్చీలోంచి లేపి మూడొందల పేజీలు మన కాళ్ళతో నడిపిస్తుంది. అంతకంటే ఘోరం, అతన్నే పాత్రగా చేసి అతని లోపలి గదులు అందరికీ తెరిచి చూపిస్తుంది. దొరగారికి అర్జీ పెట్టుకో, కాదనం. దొరగారి కథ రాయబాకు. ఇదే వాళ్ళ శిల్పశాస్త్రం.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు వెంటనే ఒక చీటీ తీస్తారు. 'నిరసన నవల పనికిరాదని చెప్పింది మీ బాల్డ్వినే గదా' అని. చెప్పాడు. 1949లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, 'ఎవ్రీబడీస్ ప్రొటెస్ట్ నావెల్' అనే వ్యాసంలో. 'అంకుల్ టామ్స్ కేబిన్'నీ, రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్'నీ ఒకే గాటన కట్టాడు. 1945లో తనకి ఫెలోషిప్ రావడానికి సాయం చేసిన రైట్‌నే అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని రైట్ బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆ వ్యాసం అడిగిందేమిటి? కోపం మానెయ్యమనలేదు. మనిషిని కేటగిరీ కింద తెగనరికి చూపించే నవల, మంచి ఉద్దేశంతో రాసినా, మళ్ళీ మనిషిని తక్కువ చేస్తుందన్నాడు. ఆ చీటీ తీసేవాళ్ళు దాన్ని పూర్తిగా చదివితే అది తమ వీపు మీదే పడుతుంది. మనల్ని కేటగిరీలో కూర్చోబెట్టింది ఎవరు మరి?

ఇప్పుడు మనవాళ్ళతో మాట్లాడాలి. ఇది కష్టమైన భాగం. అన్నలారా, తమ్ముళ్ళారా, బాల్డ్విన్ పేరు మీద తెల్లవాళ్ళ గొడ్డలి ఒక్కటే పడలేదు. 1968లోనే ఎల్డ్రిడ్జ్ క్లీవర్ 'సోల్ ఆన్ ఐస్' వచ్చింది. బ్లాక్ పాంథర్ల సమాచార మంత్రి క్లీవర్. అందులో బాల్డ్విన్ మీద ఒక పూర్తి వ్యాసం ఉంది. ఆయనకి నల్లజాతి అంటే ద్వేషమన్నాడు. మగవాడు మగవాణ్ణి ప్రేమించడం రోగమన్నాడు. అదే పుస్తకంలో ఆ క్లీవరే, తెల్ల స్త్రీల మీద అత్యాచారం చెయ్యడానికి ముందు నల్ల స్త్రీల మీద సాధన చేశానని రాసుకున్నాడు. జైల్లో అది తప్పని తెలుసుకున్నానని కూడా రాశాడు, సరే. నల్ల ఆడవాళ్ళ ఒంటి మీద సాధన చేసిన మనిషి బాల్డ్విన్ మగతనాన్ని కొలవడానికి తక్కెడ పట్టుకున్నాడు! ఆ తక్కెడ మీద కుర్రకారు చప్పట్లు కొట్టారు.

బాల్డ్విన్ ఏం చేశాడు? ఏంజెలా డేవిస్‌ని అరెస్టు చేస్తే 1970 నవంబర్‌లో ఆమెకి బహిరంగ లేఖ రాశాడు. 1972లో 'నో నేమ్ ఇన్ ద స్ట్రీట్'లో పాంథర్ల మీద పోలీసుల దాడుల గురించి రాశాడు, క్లీవర్ గురించి కూడా బూతు లేకుండా రాశాడు. పాంథర్లలో అందరూ క్లీవర్లు కారు. హ్యూయీ న్యూటన్ 1970 ఆగస్టులో స్వలింగ ప్రేమికుల విముక్తి ఉద్యమంతో కలిసి నడవాలని ప్రకటించాడు. క్లీవర్ ఎక్కడ తేలాడో కూడా వినండి. 1986లో కాలిఫోర్నియా సెనేట్ సీటుకి రిపబ్లికన్ పార్టీ టికెట్ కోసం పోటీ పడ్డాడు. గట్టిగా అరిచినవాడు చివరిదాకా ఉంటాడని ఎక్కడా రాసిలేదు.

ఇది మనకెందుకంటే, 1972లో బొంబాయిలో మన దళిత్ పాంథర్స్ పేరు తీసుకున్నది ఆ పాంథర్ల నుంచే. ఆ పేరు మనకి గర్వం. పేరుతో పాటు క్లీవర్ తక్కెడ కూడా దిగుమతైందా అని నా ప్రశ్న. మన మీటింగుల్లో వెనకడుగు వేసినవాణ్ణి "గాజులు తొడుక్కోరా" అంటాం. మెల్లగా మాట్లాడేవాణ్ణి "ఆడంగి" అంటాం. కారంచేడులో, చుండూరులో శవాల మధ్య నిలబడి కేసు నడిపిన ఆడవాళ్ళ చేతులకి గాజులు లేవా? మన సభలో ఓ కుర్రాడు తాను ఇట్టా అని చెప్పుకుంటే, వాడి కవిత్వం పక్కన పెట్టి వాడి నడక మీద నవ్వేవాళ్ళు మనలో లేరా? ఉన్నారు. నేను విన్నాను.

బాల్డ్విన్ 1987 డిసెంబర్ 1న ఫ్రాన్స్‌లో చనిపోయాడు. అరవై మూడేళ్ళు. ఎనిమిదో తేదీ న్యూయార్క్‌లో పెద్ద చర్చిలో అంత్యక్రియలు. టోనీ మారిసన్, మాయా ఏంజెలూ, అమీరి బరాకా మాట్లాడారు. అక్కణ్ణించి పేరు మళ్ళీ లేవడం మొదలైంది. 1998లో టోనీ మారిసన్ సంపాదకత్వంలో లైబ్రరీ ఆఫ్ అమెరికా ఆయన వ్యాసాలూ తొలి నవలలూ కథలూ వేసింది. 2004లో తపాలా బిళ్ళ. 2016లో రౌల్ పెక్ డాక్యుమెంటరీ 'ఐ యామ్ నాట్ యువర్ నీగ్రో'. 2018లో 'బీల్ స్ట్రీట్' నవల సినిమా అయింది, తల్లి పాత్ర వేసిన రెజీనా కింగ్‌కి ఆస్కార్ వచ్చింది. 2024లో శతజయంతి. దక్షిణ ఫ్రాన్స్‌లో పదహారేళ్ళకు పైగా ఉన్న ఇల్లు మాత్రం దక్కలేదు. ఆ స్థలంలో డబ్బున్నవాళ్ళ అపార్టుమెంట్లు లేచాయి.

ఇప్పుడాయన కొటేషన్ అయ్యాడు. మా టీచర్ల ట్రైనింగ్‌లో తెర మీద ఓ బొమ్మ వేశారు. కొండ మీద సూర్యోదయం, దాని మీద బాల్డ్విన్ వాక్యం. ఎదుర్కోనిదేదీ మారదన్న అర్థం వచ్చేది, మీరూ చూసే ఉంటారు. వ్యక్తిత్వ వికాసం మాటలాగా చెప్పి తర్వాతి స్లైడుకి పోయాడు ట్రైనర్. ఆ వాక్యం 1962 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పుస్తకాల పేజీల్లో వచ్చిన వ్యాసంలోది. వ్యాసం దేని గురించి? నవలాకారుల గురించి! అమెరికన్ నవల తన దేశపు నిజం ఎంతవరకు మొయ్యగలదన్న దాని గురించి. నవలాకారుడిగా పనికిరాడన్న మనిషి నవల గురించి చెప్పిన మాట ఉద్యోగులకి హుషారు మందు అయింది. టీచర్లకి చూపించాలంటే ఆయన టీచర్లతోనే మాట్లాడిన ప్రసంగం ఉంది గదా. 1963 అక్టోబర్ 16న, బర్మింగ్‌హాం చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపిన నెల తర్వాత. చదువు పిల్లవాడికి సొంతంగా ప్రశ్నించడం నేర్పాలి, కానీ అట్టాంటి మనిషి ఏ సమాజానికీ అక్కర్లేదు అని చెప్పాడు. అది స్లైడులో పట్టదు. పట్టినా పెట్టరు.

జాషువానీ ఇట్టాగే చేశారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలకి వన్స్‌మోర్ కొట్టిన చేతుల్లో 'గబ్బిలం' తెరిచినవి ఎన్ని?

అందుకే మా ఊరి అంబేడ్కర్ భవన్‌లో ఆదివారాలు నవలలు మొదలుపెట్టాం. వ్యాసం చదివితే మా పిల్లలు తలలూపుతారు, మంచి వాక్యం రాసుకుంటారు, అయిపోతుంది. 'అనదర్ కంట్రీ'తో అట్టా కుదరలేదు. 1962 నవల. నేను పేజీ పేజీ తెలుగులో చెప్పుకుంటూ పోతాను. రూఫస్ స్కాట్ జాజ్ డ్రమ్మర్. డ్రమ్మర్ అంటే ఏంటో మావాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, డప్పు వాళ్ళ ఇంటి చూరుకే ఉంది. రూఫస్ అంటే ప్రాణం పెట్టారు. తర్వాత వాడు లియోనాని కొట్టడం మొదలెట్టాడు. దక్షిణాది నుంచి వచ్చిన పేద తెల్లమ్మాయి. లోకం తన మీద పెట్టిందంతా ఆమె ఒంటి మీద తీర్చుకుంటాడు. ఆమె పిచ్చాసుపత్రి పాలవుతుంది. నవల ఇంకా పావువంతు కాకముందే వాడు జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి ఎక్కి దూకేస్తాడు.

డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు లేచాడు. "ఏంది సార్ ఇది, మనవాణ్ణి ఇట్టా చూపిస్తే వాళ్ళ చేతికి కత్తి ఇచ్చినట్టు కాదా? ఈయన మనవైపా, వాళ్ళవైపా?" నర్సింగ్ చదివే అమ్మాయి కూర్చునే అంది. "మా బావ మా అక్కని కొట్టింది కూడా కత్తేనా అన్నా? అది ఎవరు రాయాలి?" ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. కరెంటు పోయినా ఆపలేదు. నేను తీర్పు చెప్పలేదు.

వచ్చే వారం ఐడా దగ్గర మొదలెట్టాలి. రూఫస్ చెల్లెలు. నా దగ్గరున్న ఒక్క కాపీ ఆ నర్సింగ్ అమ్మాయి పట్టుకుపోయింది. ఇంగ్లీషు రాదు గదా అంటే, నిఘంటువు కూడా ఇవ్వండి సార్ అంది.